రమ డబ్బు రమణమ్మ ఖాతాలో

మా పొదుపు సంఘం లెక్క ఎక్సెల్‌లో నేనే రాస్తాను, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో. మొన్న రమ కట్టిన 200 రూపాయలు రమణమ్మ పేరున కనిపించాయి. పాపం, రమ రసీదు పట్టుకుని వచ్చింది. నాకు ప్రాణం చివుక్కుమంది.

మళ్లీ కొట్టి చూశాను. 'రమ' అనగానే, పైవరుసల్లో ఉన్న 'రమణమ్మ' దానంతటదే పూర్తయింది. ఎంటర్ కొడితే అదే ఖాయం. డిలీట్ నొక్కి ఎంటర్ కొడితే 'రమ' నిలుస్తుంది కానీ, ప్రతిసారీ ఎక్కడ గుర్తుంటుంది?

ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఎడిటింగ్ ఆప్షన్స్ కింద 'ఎనేబుల్ ఆటోకంప్లీట్ ఫర్ సెల్ వాల్యూస్' టిక్ తీసేసి ఓకే కొట్టాను. ఆగిపోయింది. పాత వరుసలు మాత్రం రసీదులతో ఒక్కొక్కటీ సరిచూశాను.