పురాణాలు, జానపద కథల ఆన్‌లైన్ క్లాసుకు రోజువారీ అప్‌డేట్ ఎలా రాయాలి?

కాలేజీలో అయితే క్లాసు గది గుమ్మం దగ్గరే సగం సంగతులు చెప్పేస్తాం. ఆన్‌లైన్ క్లాసులో పొద్దున్నే ఫోనులో కనిపించే నాలుగు వాక్యాలే ఆ గుమ్మం. అవి "మూడో యూనిట్ చదవండి, శుక్రవారం ఆఖరు" అని మొదలైతే పిల్లలు చూసి పక్కన పెట్టేస్తారు. కథతో మొదలైతే ఒక్క నిమిషం ఆగుతారు. డిగ్రీ విద్యార్థులకు ఈ పేపరు చెబుతూ నేను కుదుర్చుకున్న పద్ధతి చెబుతాను.

1. ముందు కథ, తర్వాత పాఠం

గొలుసు కథల (ఒకదానికొకటి ముడిపడి సాగే కథల) పాఠానికి ముందు రోజు నేను పెట్టే అప్‌డేట్ ఇలా ఉంటుంది:

"రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఒక చేప ఎండలేదు. గడ్డిమోపు అడ్డొచ్చిందట! అక్కణ్నుంచి చీమ దాకా మీ ఇంట్లో ఎవరెవరు వచ్చేవారు? మీకు గుర్తున్న వరుస రాత్రి 9 లోపు వాయిస్ మెసేజ్‌గా పంపండి. రేపు క్లాసు 11కి."

ఇంతే. జవాబులు వచ్చాక చూడండి. ఒకరింట్లో అన్నం పెట్టనిది అమ్మ, ఇంకొకరింట్లో అవ్వ. ఒకరు గొల్లవాణ్ని మరిచిపోయి ఆవు నుంచి నేరుగా పాప ఏడుపుకి దూకేస్తారు. ఒకే కథకున్న ఈ వేర్వేరు రూపాలే, అంటే పాఠాంతరాలే, అసలు పాఠం. మర్నాటి అప్‌డేట్‌లో వాటిని పక్కపక్కన పెట్టి, అప్పుడు చెప్పండి: ఫిన్లాండ్ పండితుడు ఆంటి ఆర్నె 1910లో మొదలుపెట్టిన కథారకాల సూచికను అమెరికా జానపద పరిశోధకుడు స్టిత్ థాంప్సన్ 1928లో, 1961లో పెంచారనీ, 2004లో జర్మన్ పండితుడు హాన్స్ యార్గ్ ఉతర్ సవరించారనీ, అందులో గొలుసు కథలు 2000 సంఖ్య నుంచి ఉంటాయనీ. ఇంట్లో విన్న కథకు ప్రపంచ పట్టికలో చోటుందని తెలిసినప్పుడు పిల్లల గొంతులో వచ్చే మార్పు నాకెంతో ఇష్టం.

2. 'మిథ్' అన్న మాటను జాగ్రత్తగా వాడండి

ఇంగ్లీషు 'మిథ్' మన చెవికి 'మిథ్య'లా వినిపిస్తుంది. నమ్మేవాళ్ల మనసు నొచ్చుకునేది అక్కడే. అందుకే నేను 'పురాకథ' అంటాను. అమెరికా జానపద పరిశోధకుడు విలియం బాస్కమ్ 1965లో చేసిన విభజనను ఒక్క అప్‌డేట్‌లో ఇమిడ్చేయవచ్చు. చెప్పేవాళ్లు నిజమని నమ్మి, లోకం ఇప్పటిలా లేని కాలంలో జరిగిందని చెప్పేది పురాకథ. నిజమనే నమ్మినా, మన లోకంలోనే, దగ్గరి కాలంలో జరిగిందనేది ఐతిహ్యం. కల్పన అని తెలిసే చెప్పుకునేది కథ.

ఉదాహరణకు మేడారం తీసుకోండి. కాకతీయ సైన్యంతో పోరాడిన సమ్మక్క చిలకలగుట్ట మీద అదృశ్యమైందనీ, అక్కడ కుంకుమ భరిణె దొరికిందనీ చెబుతారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర జరుగుతుంది. ఇది ఐతిహ్యమా, పురాకథా? తేల్చి చెప్పకండి. విద్యార్థులను వాదించుకోనివ్వండి. మూఢనమ్మకం అన్న మాట మాత్రం అప్‌డేట్‌లో రానివ్వకండి. వనదేవతలకు మొక్కుకున్న ఇంటి పిల్ల మీ క్లాసులో ఉండవచ్చు.

3. ప్రశ్న ఒక్కటే

"ఊర్మిళ పాత్ర చిత్రణను వివరించండి" అని అడిగితే నెట్‌లోంచి దింపేస్తారు. "వాల్మీకిలో లేని ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర మన స్త్రీల పాటల్లో ఉంది. దాన్ని మీ ఇంట్లో పాడినవాళ్లో, విన్నవాళ్లో ఉన్నారా?" అని అడగండి. జవాబు కోసం అమ్మమ్మకో, మేనత్తకో ఫోన్ చేయక తప్పదు. ఎవరూ లేరన్న జవాబుకు కూడా మార్కులివ్వండి. పాట ఎక్కడ ఆగిపోయిందో తెలియడం చిన్న విషయమేమీ కాదు.

4. చెప్పినవాళ్లను మరిచిపోకండి

కథ ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒక వాక్యం రాయండి. మల్లన్న, బీరప్ప కథలైతే వాటిని పాడే ఒగ్గు కళాకారుల మాట లేకుండా పెట్టవద్దు. విద్యార్థి వాళ్ల నాయనమ్మ గొంతు రికార్డు చేసి పంపితే, ముందు ఆవిడ ఒప్పుకుందో లేదో అడగండి. ఒప్పుకోకపోతే కథను మాత్రమే వాడుకుని పేరు, ఊరు వదిలేయండి.

5. గడువులు చివర్లో

క్లాసు సమయం, లింకు, అసైన్‌మెంటు తేదీ రెండు వరుసల్లో సరిపెట్టండి. రోజూ ఒకే వేళకు పంపండి. మొత్తం అప్‌డేట్ ఫోను తెర దాటకూడదు.

6. సాయంత్రం పని

వచ్చిన వాయిస్ మెసేజ్‌లను ఆ రోజే దింపి, ఫైలుకు తేదీ, కథ పేరు పెట్టండి. ఒప్పుకున్నవాళ్లవైతే ఊరు పేరు కూడా చేర్చండి. వారం తర్వాత చేద్దామనుకుంటే ఏ గొంతు ఎవరిదో తెలియదు. అలా ఒకసారి నేను మంచి జోలపాట పోగొట్టుకున్నాను. పాట నా దగ్గరే ఉంది, పాడినావిడ ఎవరో, ఏ ఊరో ఇప్పటికీ తెలియలేదు.