తొలి ఏడాదిలో పాప కదలికలు: ఇంట్లో చేయవలసినవి, కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

పసిబిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ వేడుకలకు వరుస ఉందే తప్ప, ఫలానా నెలలోనే జరగాలన్న గడువు లేదు. ఇప్పుడు ఆ గడువును పక్కింటి పాపతో పోలిక, ఫోన్‌లో కనిపించే పట్టికలు పెడుతున్నాయి. ఆ దిగులులో ఉన్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న మనవాళ్లకు, కైరోప్రాక్టర్ (వెన్నుపూసలను, కీళ్లను చేతులతో నొక్కి సర్దే చికిత్సకుడు) చేత వెన్ను సర్దిస్తే పాప చకచకా పాకుతుందన్న సలహా ఎదురుకావచ్చు. ఆ సలహాను తూచడానికి ముందు, కదలిక బిడ్డకు ఎలా వస్తుందో తెలిసి ఉండాలి.

కదలిక తల నుంచి కాళ్ల వైపు దిగుతుంది. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది కనుక, ఆ బరువును మోయడం మెడ నేర్చుకోవలసిన మొదటి పని. మెడ నిలిచాక భుజాలు, ఆ తరువాత నడుము, చివరికి కాళ్లు స్వాధీనంలోకి వస్తాయి. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాలు పరిపక్వమవుతున్న కొద్దీ, బిడ్డ నేల మీద వందలసార్లు ప్రయత్నించి, పడి, మళ్లీ ప్రయత్నించడం వల్ల ఇది జరుగుతుంది. ఈ సాధనను బిడ్డ తరఫున మరొకరు చేసిపెట్టలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన వయసులను తల్లిదండ్రులు ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, చేతులు మోకాళ్ల మీద దోగాడడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఆసరా లేకుండా నిలబడడం 6.9 నుంచి 16.9 నెలల మధ్య, స్వయంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య జరిగాయి. అంటే మొదటి పుట్టినరోజు నాటికి నడవని బిడ్డ వెనుకబడినట్టు కాదు. ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు దోగాడకుండానే నడకలోకి వెళ్లారు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా 2022లో తన పట్టికను సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలను వయసులోంచి తీసేసి లెక్కించాలి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఎనిమిది నెలలైతే, ఆరు నెలల బిడ్డ చేసే పనులనే ఆశించాలి.

ఇంట్లో చేయవలసిన పనుల్లో అన్నిటికంటే విలువైనది, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం. నిద్రలో మాత్రం బిడ్డ ఎప్పుడూ వెల్లకిలానే ఉండాలి. 1990ల నుంచి అమెరికాలో ఈ పద్ధతిని ప్రచారం చేశాక, నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అయితే రాత్రంతా వెల్లకిలా ఉండే బిడ్డ పగలు కూడా ఊయలలోనో, కారు సీటులోనో వెల్లకిలానే ఉండిపోతే మెడకూ భుజాలకూ పని దొరకదు. ఏడాదిలోపు పిల్లలు ఇంకా పాకనప్పుడు, మెలకువగా ఉన్న సమయంలో రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలనీ, ఒకేచోట గంటకు మించి కట్టేసినట్టు ఉంచకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఆ 30 నిమిషాలు ఒక్కసారిగా పూర్తి చేయనక్కరలేదు. తొలి వారాల్లో తల్లి వెనక్కి ఆనుకుని కూర్చుని, బిడ్డను తన రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టుకుంటే అదే ఆరంభం. తరువాత గట్టి నేల మీద చాప పరిచి, దాని మీద పలుచని దుప్పటి వేసి, రెండు మూడు నిమిషాల చొప్పున రోజుకు అనేకసార్లు పడుకోబెట్టాలి. మెత్తని పరుపు గాని సోఫా గాని ఇందుకు పనికిరావు. అవి చేతులకు ఊతమివ్వవు, పైగా ముక్కు కూరుకుపోయే ప్రమాదం ఉంది. పాలు తాగిన వెంటనే కాకుండా కొంతసేపు ఆగాలి. తల ఎత్తలేక ఏడిస్తే చంకల కింద చుట్టిన చిన్న తువాలు పెట్టి, మీరూ నేల మీద పడుకుని బిడ్డ కళ్ల ఎదుట మీ ముఖం ఉంచాలి. ఏ బొమ్మా తల్లి ముఖం చేసినంత పని చేయదు. బోర్లా ఉన్న బిడ్డను ఒంటరిగా వదలకూడదు, నిద్రపోతే వెల్లకిలా తిప్పాలి.

మన పద్ధతుల్లో నిలుపుకోవలసినవి ఉన్నాయి, మానుకోవలసినవీ ఉన్నాయి. కాళ్లు చాపుకుని వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాయడం, సున్నితంగా చేసినంతవరకు మంచి స్పర్శ. అదే సమయంలో చేతులను, కాళ్లను బలంగా లాగడం, పాదాలు పట్టి తలకిందులుగా ఎత్తడం, మెడను అటూ ఇటూ తిప్పి సర్దడం వెంటనే ఆపాలి. పెద్దవారితో ఈ మాట అనడం ఇబ్బందిగా ఉంటే డాక్టరు చేతనే చెప్పించండి. కాళ్లు నిటారుగా ఉండేలా బిగించి గుడ్డ చుట్టడం తుంటి కీలుకు మంచిది కాదు. చంకన ఎత్తుకున్నప్పుడు కాళ్లు ఇరుపక్కలకు విచ్చుకునే భంగిమ దానికి మేలు చేస్తుంది. బిడ్డను లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్ నడకను నేర్పదు, మెట్ల మీద నుంచి పడే ప్రమాదాన్ని మాత్రం తెస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్క బండి వేరు: తనంతట తాను నిలబడగల బిడ్డ దాన్ని తోసుకుంటూ తన బరువును తానే మోస్తుంది.

బిడ్డ ఎప్పుడూ తలను ఒకే వైపు తిప్పి ఉంచితే ప్రత్యేకంగా గమనించాలి. మెడ పక్కనుండే కండరం పొట్టిగా, బిగుతుగా ఉండడం వల్ల తల ఒక వైపు వాలి, గడ్డం రెండో వైపు తిరుగుతుంది, క్రమంగా తల ఒక వైపు చదునవుతుంది. దీనికి పిల్లల వైద్యుని పరీక్ష, ఆ తరువాత ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు అవసరం. తొలి మూడు నెలల్లోపే మొదలుపెడితే చాలామందిలో చక్కని ఫలితం ఉంటుంది. ఈలోగా బిడ్డ తిప్పని వైపు నుంచే పలకరించడం, పడక మీద తల దిశను రోజు మార్చి రోజు మార్చడం, పాలిచ్చేటప్పుడు చేతులు మార్చడం తల్లిదండ్రులు చేయగలిగినవి.

ఇక కైరోప్రాక్టిక్ సంగతి. ఇది 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ఆరంభించిన పద్ధతి. వెన్నుపూసలు స్థానం తప్పడం వల్ల నరాల పని దెబ్బతిని జబ్బులు వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. నేడు చాలామంది కైరోప్రాక్టర్లు పెద్దల నడుము నొప్పికే చికిత్స చేస్తున్నారు, అందులో కొంత ఉపశమనానికి ఆధారాలూ ఉన్నాయి. పసిబిడ్డ వెన్ను మాత్రం వేరు: పూసల్లో చాలా భాగం ఇంకా మృదులాస్థే, మెడ కండరాలు బలహీనం, తల బరువు. వెన్ను సర్దడం వల్ల పిల్లలు త్వరగా కూర్చుంటారని గాని పాకుతారని గాని చూపిన నమ్మదగిన పరీక్ష లేదు.

గుక్కపట్టి ఏడ్చే పిల్లల మీద మాత్రం కొన్ని పరీక్షలు జరిగాయి. 2001లో ప్రచురితమైన నార్వే అధ్యయనంలో 86 మంది శిశువులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కైరోప్రాక్టర్ చికిత్స చేయగా, రెండో జట్టును నర్సు కొంతసేపు ఎత్తుకుని ఉంది. మొదటి జట్టులో సుమారు 70 శాతం, రెండో జట్టులో 60 శాతం మెరుగుపడ్డారు; ఆ తేడా కాకతాళీయమై ఉండవచ్చని గణాంకాలు చెప్పాయి. ఇక్కడ గ్రహించవలసింది, ఏ చికిత్సా అందని పిల్లల్లోనూ ఎక్కువమంది కుదుటపడ్డారన్నది. వయసుతో వచ్చే మార్పును చికిత్స ఫలితంగా పొరబడడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది. పాకే వయసు రాబోతున్న బిడ్డ విషయంలోనూ ఇదే జరుగుతుంది.

ఆస్ట్రేలియాలో రెండు వారాల బిడ్డకు చేసిన వెన్ను చికిత్స వీడియో బయటకు రావడంతో, కైరోప్రాక్టర్ల నియంత్రణ మండలి 2019లో రెండేళ్లలోపు పిల్లల వెన్నును సర్దడాన్ని ఆపించింది. విక్టోరియా రాష్ట్రం జరిపించిన సమీక్షలో తీవ్రమైన హాని దాఖలాలు అరుదుగానే దొరికాయి, మేలు జరుగుతుందనడానికి ఆధారమూ చాలా బలహీనంగానే ఉంది. 2023 చివర్లో సడలించిన ఆంక్షను, ఆరోగ్య మంత్రుల అభ్యంతరంతో 2024లో మళ్లీ విధించారు. మేలు రుజువు కానప్పుడు, అరుదైన హానినైనా పసిబిడ్డ మెడకు ఎందుకు తెచ్చిపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

అయినా వెళ్లాలని నిర్ణయించుకున్నవారు ముందుగా పిల్లల వైద్యుని చేత పరీక్ష చేయించి, బిడ్డ సమస్యకు పేరు తెలుసుకున్నాకే వెళ్లాలి. ఏ చోట, ఎంత బలంతో చేయి వేస్తారో, అది కేవలం స్పర్శేనా లేక హఠాత్తుగా నెట్టడమా అని అడగాలి. మెడను గబుక్కున తిప్పేది ఏదైనా సరే నిరాకరించండి. ఎక్స్‌రే తీయించమన్నా, నెలల తరబడి వరుస చికిత్సకు ముందే డబ్బు కట్టమన్నా, టీకాలు అనవసరమని చెప్పినా అక్కడి నుంచి లేచి రావాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఎవరి సలహా కోసమూ ఆగకూడదు. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం, ఒళ్లు గుడ్డ బొమ్మలా వేలాడడం లేదా కర్రలా బిగుసుకోవడం, ఏడాదిలోపే ఒక చేతినే వాడుతూ రెండో దాన్ని పిడికిలి బిగించి ఉంచడం, తొడల మడతలు లేదా కాళ్ల పొడవు రెండు వైపులా సమానంగా లేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా ఒకసారి నేర్చిన పనిని మరచిపోవడం అలాంటివి. వీటి వెనుక సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేకపోవడం), కండరాల జబ్బు, థైరాయిడ్ లోపం, తుంటి కీలు జారడం ఉండవచ్చు. తల్లి ఆహారంలో బి12 విటమిన్ తక్కువైతే, తల్లిపాల మీదే పెరిగే బిడ్డ నేర్చినవి కోల్పోవచ్చు; అది సకాలంలో గుర్తిస్తే మందుతో మెరుగుపడే స్థితి. ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డకు లక్షణాలు లేకపోయినా తుంటి పరీక్ష చేయించాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారు ఆశా కార్యకర్తను లేదా అంగన్‌వాడీని అడిగితే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. అక్కడ సేవలు ఉచితం. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, ప్రసవం నాటి కాగితాలు తీసుకెళ్లండి. డాక్టరు గదిలో బిడ్డ బెదిరి కదలకపోవచ్చు కనుక, ఇంట్లో నేల మీద ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాల వీడియో తీసి, తేదీ రాసి పెట్టుకుని చూపించండి.