జొహానెస్‌బర్గ్ నుంచి ఒకరోజు ట్రిప్: ముందు సింహాలు, తర్వాతే గుహలు

స్టెర్క్‌ఫాంటైన్ గుహలు చూసి, దగ్గర్లోని సింహాల పార్కుకు మధ్యాహ్నం వెళ్తే అవన్నీ చెట్ల కింద గుర్రుపెడుతుంటాయి. మహా అయితే ఓ తోక కదులుతుంది.

వరస తిప్పండి. గేటు తీసే వేళకే పార్కు చేరుకుని రెండు మూడు గంటలు కార్లో తిరగండి. సింహాల దగ్గర అద్దాలు దించొద్దు, ఫోటో కోసమైనా సరే. ఎండ ముదిరాక గుహల్లోకి దిగండి, లోపల చల్లగా ఉంటుంది. 1947లో 'మిసెస్ ప్లెస్' అని పేరుపడ్డ, లక్షల ఏళ్లనాటి మానవ పూర్వీకుల పుర్రె దొరికింది ఇక్కడే. గైడ్ లేకుండా లోపలికి పంపరు, అందుకే మధ్యాహ్నం టూరుకు టికెట్ ముందే తీసుకోండి. చెప్పులు కాదు, జారని బూట్లు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఇది కుదరదు. మెట్లు ఎక్కువ, కొన్నిచోట్ల వంగి నడవాలి. వాళ్లను గుహల బదులు, మనిషి పుట్టుక కథ చెప్పే మరోపెంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి.