తొలకరికి ముందు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ముందు హబ్ వేడెక్కుతుంటే తీసుకోవలసిన జాగ్రత్తలు

పాడేరు, అరకు, మారేడుమిల్లి ఘాట్ రోడ్ల మీద పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు నడిపేవారు తొలకరికి ముందు టైర్లు, వైపర్లు, బ్యాటరీ చూసుకుంటారు గానీ, ముందు చక్రాల నడిమధ్యన బేరింగులుండే భాగాలైన హబ్‌లను పట్టించుకునేవారు తక్కువ. ఒక చక్రం దగ్గర కాలిన వాసన వస్తే చాలామంది వెంటనే బేరింగు మార్పిస్తారు. నేనూ ఒకే ఏడాదిలో రెండుసార్లు కుడివైపు బేరింగులు మార్పించాక గాని, అసలు దోషం లోపల పూడుకుపోయిన బ్రేకు రబ్బరు హోసుదని తెలుసుకోలేదు. వేడి ఎక్కడ పుడుతోందో తేలకముందు ఏ భాగమూ మార్చకూడదని అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను.

ఘాట్ దిగిన వెంటనే రెండు ముందు చక్రాలూ వేడిగా ఉండడం సహజమే కాబట్టి అప్పుడు చూసి ప్రయోజనం లేదు. ఎండ ప్రభావం లేని తెల్లవారుజామున, టూ వీల్ డ్రైవ్‌లోనే, రద్దీ లేని చదును రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ నడిపి, చివర బండిని దానంతటదే ఆగనిచ్చి రెండు వైపులనూ పోల్చాలి. వేడిని దూరంనుంచే కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మంచిది; లేకపోతే అరచేతిని కాక చేతి వెనుకభాగాన్ని నాలుగు వేళ్ల దూరంలో ఉంచాలి, లోహాన్ని తాకకూడదు. ఒక వైపు స్పష్టంగా ఎక్కువ వేడి ఉంటే, అది డ్రమ్ము లేదా డిస్కు దగ్గర ఎక్కువగా ఉందా, హబ్ నడిమధ్యన ఎక్కువగా ఉందా అన్నది గమనించాలి. మొదటిదైతే బ్రేకును, రెండోదైతే బేరింగును ముందు అనుమానించాలి.

తరువాత బండి చల్లారాక చక్రాన్ని పైకి లేపాలి. విల్లీస్ నమూనా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాక, ముందు వెనుక చక్రాలకు ఇంజను శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక్కు వెళ్లే షాఫ్టు మీద పనిచేస్తుంది కనుక, దాన్ని మాత్రమే నమ్మకుండా వెనుక చక్రాలు రెండింటికీ ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి స్టాండు లేకుండా దూరకూడదు. ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్టు నుంచి విడదీయగల లాకింగ్ హబ్‌లు ఉంటే ఫ్రీలో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పితే, అది ఎక్కడైనా పట్టేస్తోందా, లోపల గరగరమంటోందా అన్నది తెలుస్తుంది. పైభాగాన్నీ కిందిభాగాన్నీ రెండు చేతులతో పట్టుకుని ఊపినప్పుడు ప్లే (వదులు కదలిక) కనిపిస్తే, ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి: ప్లే పోతే బేరింగుది, అలాగే ఉంటే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నుది లేదా బాల్ జాయింటుది.

చక్రం బిగుసుకుని ఉంటే, బ్రేకు తొక్కి వదిలిన తరువాత ఆ చక్రం బ్రేకులోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడర్ నట్టును కొద్దిగా వదులు చేయాలి. అప్పుడు చక్రం తేలిక పడితే ఆయిల్ ఒత్తిడి లోపల నిలిచిపోతోందన్నమాట. ఈసారి బ్లీడరు బిగించి, మళ్లీ తొక్కి వదిలి, హోసుకు, పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండరు వైపున ఉన్న జాయింటును వదులు చేసినా చక్రం పట్టే ఉంటే, దోషం హోసులో ఉంది. రెండు ముందు చక్రాలూ ఒకేలా పడుతుంటే పెడల్ ఫ్రీ ప్లేను (బ్రేకు పట్టకముందు పెడల్ ఖాళీగా కదిలే దూరాన్ని), మాస్టర్ సిలిండరును చూడాలి. బ్లీడరు విప్పినా చక్రం వదలకపోతే ఇరుక్కున్న పిస్టనో, అతిగా బిగించిన బ్రేకు షూలో కారణం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్ దిగుతుండగా పెడల్ మెత్తబడడానికి ఒక కారణం ఇదే గనుక, పరీక్ష ముగిశాక కొత్త ఆయిల్ పోసి బ్రేకు పైపుల్లోని గాలి తీయించడం తప్పనిసరి.

దోషం బేరింగుదే అయితే, నీలం రంగుకు తిరిగినదాన్ని కడిగి మళ్లీ వాడకూడదు. బేరింగు బయటి రింగు (కప్పు), లోపలి భాగం (కోను) కలిపే మార్చాలి, ఆయిల్ సీలూ కొత్తదే వేయాలి. గ్రీజు రోలర్ల మధ్యకు పూర్తిగా దూరాలి గాని హబ్ ఖాళీ అంతా కూరకూడదు, అలా కూరితే గ్రీజు మరింత వేడెక్కి బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది. కోను ఆకారపు బేరింగుల్లో నట్టును చక్రం తిప్పుతూ బిగించి, తరువాత కొంచెం వెనక్కు వదిలి లాక్ చేస్తారు. ఎంత వదలాలన్నది ఆయా బండి మాన్యువల్ ప్రకారమే చేయాలి. ఎక్కువ బిగిస్తే ప్లే పోయిందన్న తృప్తి దక్కినా, కొత్త బేరింగు కొద్ది రోజులకే మాడిపోతుంది.

వానాకాలంలో వాగులు దాటేవారు మరొకటి గమనించాలి. వేడి హబ్ ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు అంచులనుంచి నీటిని లోపలికి లాగుతుంది, ఆ నీరు గ్రీజును పాడు చేస్తుంది. అందువల్ల వాగు ఒడ్డున కొంతసేపు ఆపి, హబ్‌లు చల్లారాకే దిగాలి. లోతు నీటిలో నడిచిన బండి హబ్‌లను విప్పించి గ్రీజు చూడాలి. దారి మధ్యలో చక్రం పొగలు కక్కితే నీళ్లు చల్లకండి, డ్రమ్ము పగలవచ్చు. చదునైన చోట ఆపి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి చల్లారనివ్వండి. చల్లారాక ఆ చక్రంలో గరగర వినిపిస్తే ఇక నడపకుండా లారీ ఎక్కించి తీసుకువెళ్లండి.