జీపు, జిప్సీ బిల్డ్‌కి ఏ ఆల్టర్నేటర్ వేయాలి? పెద్ద అంకె చూసి కొనకండి

ఆఫ్‌రోడ్ బండి కట్టేవాళ్లు చాలామంది టైర్లు, లిఫ్ట్ కిట్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటార్), లైట్ బార్ అన్నీ అయిపోయి చేతిలో డబ్బులు కూడా అయిపోయాక, రాత్రిపూట లైట్లు డిమ్ అవుతుంటే అప్పుడు ఆల్టర్నేటర్ గురించి, అంటే ఇంజన్‌తో తిరుగుతూ కరెంట్ ఇచ్చి బ్యాటరీని నింపే, అందరూ డైనమో అనే దాని గురించి ఆలోచిస్తారు. విజయవాడ ఆటోనగర్‌కో సికింద్రాబాద్ రాణిగంజ్‌కో పోయి "అన్నా, పెద్ద డైనమో ఏదైనా ఉంటే చూడు" అంటారు, ఆయన 120 ఆంప్స్‌ది ఒకటి తెచ్చి బిగిస్తాడు, హైవే మీద అంతా సూపర్, అదే బండి వికారాబాద్ అడవిలో లో రేంజ్‌లో పాకుతుంటే మళ్లీ పాత కథే.

ఎందుకంటే ఆ 120 అనే అంకె ఆల్టర్నేటర్ 6000 ఆర్పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు ఇచ్చేది. ఇంజన్ ఆర్పీఎం కాదు, ఆల్టర్నేటర్‌ది. మనం రాళ్ల మీద ఫస్ట్ గేర్‌లో ఇంజన్‌ని 900, 1200 దగ్గర పట్టుకుని పోతాం, అక్కడ అది ఎంత ఇస్తుందనేదే మనకి కావాల్సింది. చాలా ఆల్టర్నేటర్ల స్టిక్కర్ మీద రెండు అంకెలు ఉంటాయి చూడండి, 14 వోల్ట్, 50/90 ఆంప్స్ అన్నట్టు. మొదటిది ఆల్టర్నేటర్ 1500, 1800 ఆర్పీఎం దగ్గర, అంటే దాదాపు ఇంజన్ ఐడిల్‌లో ఇచ్చేది, రెండోది 6000 దగ్గరది. ఒకదాని మీద 45/120, ఇంకోదాని మీద 60/100 ఉంటే నేనైతే కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటా.

సరే, ముందు మీకు ఎంత కావాలో లెక్క వేయండి. కాగితం మీద రాయండి, నోటి లెక్కలొద్దు. వాట్స్‌ని 13.5తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) జిప్సీ, రాత్రి, వాన, అడవి దారి అనుకుందాం. ఇంజన్‌కి, అంటే ఫ్యూయల్ పంప్, ఇగ్నిషన్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అన్నిటికీ కలిపి ఓ 12 ఆంప్స్. హెడ్‌లైట్లు, పార్కింగ్ లైట్లు 11. 120 వాట్ల ఎల్ఈడీ బార్, పక్కన చిన్న లైట్లు కలిపి 12. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి ఉంటే ఇంకో 12. ఫ్రిజ్ 5, వైపర్ 5, ఫోన్ ఛార్జర్లు, రేడియో 3. మొత్తం 60. దీనికి తోడు వించ్ వాడిన తర్వాత బ్యాటరీ మళ్లీ నిండాలి కదా, దానికి ఓ 20, 25 వేసుకోండి. 85 అయింది. మన ఎండల్లో బానెట్ కింద కాలిపోతున్నప్పుడు ఏ ఆల్టర్నేటరూ స్టిక్కర్ మీద రాసినంత ఇవ్వదు, వేడికి అవుట్‌పుట్ పడిపోతుంది, అందుకని రేటింగ్‌లో 70, 75 శాతమే చేతికొస్తుంది అనుకుని చూసుకోండి. అంటే పైన 110, 120 రేటింగ్, కింద ఐడిల్‌లో కనీసం ఆ 60 లోడ్‌ని మోయగలిగేది. అంత దొరక్కపోతే పాకేటప్పుడు లైట్ బార్ ఆపేయండి, నిజానికి ఆ స్పీడ్‌లో అది ఫొటోలకే ఎక్కువ పనికొస్తుంది.

వించ్‌ని ఈ లెక్కలో కలపొద్దు. 9500 పౌండ్ల వించ్ ఫుల్ లోడ్‌లో 400 ఆంప్స్ దాకా లాగుతుంది, దానికి సరిపడా ఆల్టర్నేటర్ వేస్తా అంటే అయ్యే పని కాదు. వించ్‌ని నడిపేది బ్యాటరీ, ఆల్టర్నేటర్ వెనకాల నుంచి నింపుతూ ఉంటుంది అంతే. కాసేపు లాగి ఆపి, ఇంజన్ 1500 దగ్గర పెట్టి రెండు నిమిషాలు ఆగి మళ్లీ లాగడం అలవాటు చేసుకుంటే మామూలు ఆల్టర్నేటర్‌తో కూడా పనైపోతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం ఒకటి. బొలెరో, సుమో లాంటి పాత డీజిల్ బండ్లలో చాలా వాటికి ఆల్టర్నేటర్ వెనకాల వ్యాక్యూమ్ పంప్ ఉంటుంది, ఇంజన్ ఆయిల్ పైపు కూడా దానికి వస్తుంది. బ్రేక్ పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చేది అదే. ఏదో కార్ నుంచి తీసిన పెద్ద ఆల్టర్నేటర్ బాగుంది కదా అని పంప్ లేనిది బిగిస్తే ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, బ్రేక్ పెడల్ మాత్రం రాయిలా అయిపోతుంది, అదీ ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. పంప్‌తో వచ్చేదే వెతకండి, లేదంటే వేరే వ్యాక్యూమ్ పంప్ పెట్టి, పార్కింగ్‌లోనే బ్రేకులు గట్టిగా టెస్ట్ చేశాకే రోడ్డెక్కండి. ఇంకోటి, ఆర్మీ వేలంలో వచ్చిన బండ్లు కొన్ని 24 వోల్ట్‌లవి ఉంటాయి, కొనేముందు బ్యాటరీలు ఎన్ని, ఎలా కలిపారో చూడండి.

పుల్లీ విషయానికొస్తే, క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటర్‌ది 60 అయితే రేషియో 2.5. ఇంజన్ 800 దగ్గర ఉంటే ఆల్టర్నేటర్ 2000 తిరుగుతుంది. ఐడిల్‌లో ఇంకా కావాలని చిన్న పుల్లీ వేస్తారు, డీజిల్ జీపుకి ఓకే, అది 4500 కూడా దాటదు కాబట్టి. అదే 6500 దాకా తిరిగే పెట్రోల్ జిప్సీకి 2.5 వేస్తేనే ఆల్టర్నేటర్ 16000 దాటేస్తుంది, బేరింగులు, రోటర్ తట్టుకుంటాయో లేదో ఆ మోడల్ లిమిట్ చూసుకోవాలి. పుల్లీ చిన్నదయ్యే కొద్దీ బెల్ట్ పట్టు కూడా తగ్గుతుంది. 120 ఆంప్స్ నిజంగా ఇస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇంజన్ నుంచి దాదాపు 4 హార్స్‌పవర్ లాక్కుంటుంది, ఒక్క వీ బెల్ట్‌తో అది కష్టమే, బురదనీళ్లలో దిగితే కీచుమని అరుస్తూ జారుతుంది. వీ బెల్ట్‌తోనే ఉండాలనుకుంటే 80, 90 ఆంప్స్ దగ్గర ఆగిపోవడం మంచిది, అంతకంటే పైకి పోవాలంటే గాడులున్న వెడల్పాటి రిబ్డ్ బెల్ట్‌కి మార్చుకోవాలి.

"అదే డైనమోని రివైండ్ చేసి ఎక్కువ ఆంప్స్ వచ్చేలా చేస్తా" అనేవాళ్లు ఉంటారు. దొడ్డు వైరు వేసి చుట్లు తగ్గిస్తే పైన ఆంప్స్ పెరుగుతాయి నిజమే, కానీ కింద ఆర్పీఎంలో ఛార్జింగ్ ఇంకా లేటుగా మొదలవుతుంది, డయోడ్లు పాతవే ఉంచితే అవి కూడా కాలతాయి. మనకి కావాల్సిందానికి సరిగ్గా ఉల్టా.

ఎక్కడ కూర్చుంటుందో కూడా చూడండి. ఆల్టర్నేటర్ కింద భాగంలో ఉంటే వాగు దాటిన ప్రతిసారీ మునుగుతుంది, నల్లరేగడి బురద లోపలికి పోయి బ్రష్‌ల దగ్గర గట్టిపడితే ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. బ్రాకెట్ మార్చి పైకి ఎత్తగలిగితే ఎత్తండి. కడిగేటప్పుడు ప్రెషర్ గన్ దాని మీద పెట్టొద్దు, మామూలు పైపు చాలు. సైలెన్సర్ వైపు ఉంటే మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

కొత్త బీఎస్ 6 బండ్లలో చాలావరకు ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని ఈసీయూనే కంట్రోల్ చేస్తుంది, వాటికి కనెక్టర్ కుదిరిందని ఏది పడితే అది పెట్టడం కుదరదు. ఆల్టర్నేటర్ జోలికి పోకుండా రెండో బ్యాటరీకి డీసీ డీసీ ఛార్జర్ (ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంట్‌కి హద్దు పెట్టి రెండో బ్యాటరీని నింపేది) వేసుకోండి. లిథియం బ్యాటరీ పెట్టేవాళ్లు ఏ బండికైనా ఇదే చేయాలి, ఎందుకంటే అది ఎంత ఇస్తే అంతా తాగేస్తుంది, ఐడిల్‌లో గాలి కూడా తక్కువ తగిలే ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోతుంది.

వైరింగ్‌లో పిసినారితనం వద్దు. పాత సన్న వైరు మీదే 120 ఆంప్స్ పంపితే ఇన్సులేషన్ కరుగుతుంది, 25 లేదా 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయండి, బ్యాటరీ దగ్గరే 150 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టండి, ఇంజన్ బ్లాక్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కూడా అంతే దొడ్డు ఎర్త్. పాత జీపుల్లో డ్యాష్‌బోర్డ్ మీద ఛార్జింగ్ బల్బుని తీసేయకండి, చాలావాటిలో ఆల్టర్నేటర్ లేవడానికి మొదటి కరెంట్ ఆ బల్బు ద్వారానే వెళ్తుంది, అది మాడిపోతే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేదాకా ఛార్జింగే రాదు.

బిగించాక టెస్ట్. ఇంజన్ వేడెక్కనివ్వండి, ఐడిల్‌లో లైట్లు, ఫ్యాన్, వైపర్ అన్నీ వేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి, 13.2 పైన ఉంటే పర్లేదు, 12.7 కిందకి జారుతుంటే బ్యాటరీని తింటున్నట్టే. తర్వాత ఆల్టర్నేటర్ పాజిటివ్ స్టడ్‌కి, బ్యాటరీ పాజిటివ్‌కి మధ్య కొలవండి, లోడ్‌లో 0.3 వోల్ట్ కంటే ఎక్కువ చూపిస్తే కేబులో, దాని చివర బిగించే లగ్గో తేడా ఉంది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడు, బండి ఆగలేదు, డైనమో బాగుంది" అని చూపించే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పాత జీపులో అది నడిచిపోయిందేమో గానీ, ఈసీయూ ఉన్న బండిలో ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, ఈసీయూ రెండూ పోయే ఛాన్స్ ఉంది. చేయి టెర్మినల్ దగ్గరికి పోతుంటేనే ఆపేయండి, మీ మీటర్ తీసి ఆయన చేతికివ్వండి.