పాత ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు: ముందు దాన్ని పరీక్షించండి, తర్వాత యాంటెన్నాను

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే రేడియో పంపిన తరంగంలో ఎంత యాంటెన్నా నుంచి తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి; ఏమీ తిరిగి రాకపోతే అది 1, అంటే 1:1. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో, సీనియర్ హామ్‌ల (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్ల) అలమరల్లో ఇప్పటికీ దొరికే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్లలో ఎక్కువ భాగం ఒకే కుటుంబానివి. చిన్న రేకు పెట్టె, ఒకే ముల్లు, ఫార్వర్డ్–రిఫ్లెక్టెడ్ స్విచ్, సెన్సిటివిటీ నాబ్, వెనక కేబుళ్లు బిగించే రెండు ఎస్‌ఓ-239 సాకెట్లు. 1956లో క్యూఎస్‌టీ అనే అమెరికా హామ్ పత్రికలో లూయిస్ మెకాయ్ వివరించిన మోనిమ్యాచ్ అనే సర్క్యూట్ నుంచి వచ్చిన వంశం ఇది. బ్యాటరీ అక్కర్లేదు, విప్పి చూస్తే ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చెడితే ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. అందుకే డిజిటల్ మీటర్లు వచ్చాక కూడా దీన్ని పారేయాల్సిన పని లేదు.

లోపల ఒక సాకెట్ నుంచి రెండో సాకెట్‌కు నేరుగా ఒక లైను పోతుంది. దాని పక్కనే, తాకకుండా, రెండు సన్నని పికప్ తీగలు ఉంటాయి. ఒక్కో తీగకు ఒక కొసన రెసిస్టర్, ఇంకో కొసన జెర్మేనియం డయోడ్. ఒక తీగ యాంటెన్నా వైపు వెళ్లే తరంగాన్ని పట్టుకుంటే, రెండోది తిరిగొచ్చే తరంగాన్ని పట్టుకుంటుంది. స్విచ్ చేసే పనల్లా ఏ డయోడ్ వోల్టేజి ముల్లుకు చేరాలో ఎంచడమే.

రిగ్‌కు (రేడియో సెట్టుకు) కలిపే ముందు

ముల్లు సున్నా మీద లేకపోతే ముందు వైపున్న ప్లాస్టిక్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయండి. నాబ్ తిప్పుతుంటే ముల్లు ఎగిరెగిరి పడుతోందంటే లోపలి ట్రాక్ మురికిపట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. స్లైడ్ స్విచ్‌కూ అదే వైద్యం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో వాడిన మీటరైతే సాకెట్ల నట్లు విప్పి, తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగించండి. సాకెట్‌కూ పెట్టెకూ మధ్య ఎర్త్ సరిగా తగలకపోతే రీడింగు గాలివాటంగా మారిపోతుంది.

మల్టీమీటరుతో రెండు సాకెట్ల నడిమి పిన్నులను తాకి చూడండి. వాటి మధ్య రెసిస్టెన్స్ దాదాపు సున్నా రావాలి. ఈ రకం మీటరులో మధ్య పిన్నుకూ బయటి షెల్‌కూ అసలు కనెక్షన్ ఉండకూడదు. ఒక్క జాగ్రత్త: ముల్లున్న మూవ్‌మెంట్‌ను మాత్రం ఓమ్ రేంజిలో పెట్టి కొలవకండి. అది మైక్రో ఆంపియర్లతో కదిలే సున్నితమైన కాయిల్, మల్టీమీటరు పంపే కరెంటుకే ముల్లు వంగిపోవచ్చు.

డమ్మీ లోడ్ పరీక్ష

ఈ పరీక్ష చేయకుండా పాత మీటరు చెప్పిన మాట నమ్మకూడదు. డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే 50 ఓంల రెసిస్టర్) లేకపోతే 1 కిలో ఓమ్, 2 వాట్ల మెటల్ ఫిల్మ్ లేదా కార్బన్ రెసిస్టర్లు 20 తీసుకుని, కాళ్లు పొట్టిగా కత్తిరించి పారలల్‌గా సోల్డర్ చేయండి. 50 ఓంలు, 40 వాట్లు అవుతుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు పనికిరావు, వాటి చుట్లకు ఇండక్టెన్స్ ఉంటుంది.

టీఎక్స్ సాకెట్‌కు రిగ్, ఏఎన్‌టీ సాకెట్‌కు లోడ్ కలిపి 7.1 మెగాహెర్ట్జ్ మీద 10 వాట్ల క్యారియర్ (మాట కలపని ఉత్త తరంగం) ఇవ్వండి. ఫార్వర్డ్‌లో నాబ్ తిప్పి ముల్లును చివరి గీతకు తెచ్చి, రిఫ్లెక్టెడ్‌కు మార్చండి. ముల్లు సున్నాకు దగ్గరగా పడిపోవాలి. ఇప్పుడు క్యారియర్ ఆపి, నాబ్ కదపకుండా రెండు కేబుళ్లనూ తారుమారు చేయండి. ఈసారి రిఫ్లెక్టెడ్ చివరి గీతకు రావాలి, ఫార్వర్డ్ సున్నా దగ్గర ఉండాలి. రెండు వైపులా ఒకేలా వస్తే మీటరు ఆరోగ్యంగా ఉన్నట్టు. చివరి గీతకు రావాల్సిన చోట ముల్లు బాగా తక్కువగా ఆగితే ఆ వైపు డయోడ్‌ను అనుమానించండి. సున్నాకు రావాల్సిన చోట రాకపోతే ఆ పికప్ తీగ చివర ఉన్న రెసిస్టర్ విలువ మారిపోయి ఉంటుంది. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతాయి.

డయోడ్ మార్చాల్సి వస్తే రెండూ కలిపి మార్చండి. 1ఎన్34ఎ లాంటి జెర్మేనియం డయోడ్లు నాలుగైదు తెచ్చి, ఫార్వర్డ్ వోల్టేజి దగ్గరగా ఉన్న జత ఎంచుకోండి. సోల్డర్ చేసేటప్పుడు కాలును ముక్కు పటకారుతో పట్టుకుంటే వేడి డయోడ్‌కు చేరదు. చేతికందింది కదా అని 1ఎన్4148 వేయకండి. ఆ సిలికాన్ డయోడ్ కదలాలంటే సుమారు 0.6 వోల్టులు కావాలి. తిరిగొచ్చే తరంగం చిన్నదైతే అది మేలుకోదు, చెడ్డ యాంటెన్నా కూడా మంచిదిగా కనబడుతుంది.

చివరగా 100 ఓంల లోడ్ పెట్టి చూడండి. పైన చెప్పిన రెసిస్టర్లు పది చాలు. రీడింగు 2 దగ్గరకు రావాలి. 1కి ఒకటి చూపడం కంటే 2కి రెండు చూపడం గట్టి పరీక్ష.

కొలత

రిగ్‌లోని ఆటో ట్యూనర్‌ను (యాంటెన్నాను రిగ్‌కు సరిపోల్చే భాగాన్ని) ఆపేయండి. మీటరును రిగ్‌కూ యాంటెన్నా కేబుల్‌కూ మధ్య పెట్టండి. బయట ట్యూనర్ వాడుతూ దాన్ని సర్దుబాటు చేయాలంటే మీటరు రిగ్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉండాలి. అక్కడ 1:1 వచ్చిందంటే రిగ్ సుఖంగా ఉందని అర్థం, యాంటెన్నా గురించి అది ఏమీ చెప్పదు.

ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో విని, మీ కాల్‌సైన్ చెప్పి, సీడబ్ల్యూ (మోర్స్) లేదా ఎఫ్‌ఎం క్యారియర్ ఇవ్వండి. ఎస్‌ఎస్‌బీలో (మాట్లాడినప్పుడే తరంగం వెళ్లే పద్ధతిలో) మాట్లాడుతూ కొలిస్తే ముల్లు మాటతో పాటు ఊగుతుంది తప్ప కొలత రాదు. ఫార్వర్డ్‌లో చివరి గీతకు తెచ్చి, రిఫ్లెక్టెడ్‌కు మార్చి చదవండి. నాలుగైదు సెకన్లకు మించి క్యారియర్ పట్టి ఉంచొద్దు. ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ మళ్లీ చివరి గీతకు తేవాలి. ఈ మీటర్ల సెన్సిటివిటీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. 28 మెగాహెర్ట్జ్‌లో వచ్చే వోల్టేజిలో ఎనిమిదో వంతే 3.5 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది. అందుకే 80 మీటర్ల బాండ్‌లో 5 వాట్లకు ముల్లు చివరిదాకా రాలేదని మీటరు చెడిందనుకోవద్దు. వీటి మీద వాట్ల స్కేలు ముద్రించి ఉన్నా ఇదే కారణంగా అన్ని బాండ్లకూ సరిపోదు.

ఎస్‌డబ్ల్యూఆర్ స్కేలు చెరిగిపోయి 0–100 గీతలే మిగిలితే లెక్క సులువు. ఫార్వర్డ్‌ను 100కు తెచ్చాక రిఫ్లెక్టెడ్ 20 చూపితే, 120ని 80తో భాగించండి: 1.5. ముల్లు 33 దగ్గర ఆగితే 2, సరిగ్గా సగంలో ఆగితే 3. తిరిగొచ్చే పవరు వరుసగా 4, 11, 25 శాతం.

40 మీటర్ల బాండ్ డైపోల్‌ను (నడుమ కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెన్నాను) సర్దాలంటే 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు ప్రతి 50 కిలోహెర్ట్జ్‌కు ఒక రీడింగు రాసుకోండి. 7.1కి డైపోల్ మొత్తం పొడవు సుమారు 66 అడుగులు. తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ 7.000 దగ్గర వస్తోందంటే తీగ పొడవెక్కువ. 100 కిలోహెర్ట్జ్ పైకి జరపాలంటే ఒక్కో వైపు సుమారు అయిదున్నర అంగుళాలు తగ్గాలి. కత్తిరించకండి, కొసను వెనక్కి మడిచి తీగకే గట్టిగా చుట్టండి. ఎక్కువైతే విప్పుకోవచ్చు. 1:1 కోసం డాబా ఎక్కి దిగుతూ రోజంతా పాడు చేసుకోవాల్సిన పని లేదు. వంపు లేకుండా తిన్నగా కట్టిన డైపోల్ ఇంపిడెన్స్ 73 ఓంల దగ్గర ఉంటే 50 ఓంల కేబుల్ మీద 1.5 రావడం సహజం.

మీటరు మోసం చేసే చోట్లు

అన్నిటికంటే ప్రమాదం, బాండంతా 1.2 చూపించే మీటరు. దాన్ని చూసి సంతోషించకుండా కేబుల్‌ను అనుమానించండి. 3 డీబీ నష్టమున్న కేబుల్ చివర యాంటెన్నా అసలు లేకపోయినా, రిగ్ దగ్గర మీటరు 3 మాత్రమే చూపుతుంది. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు మళ్లీ సగం పవరు కేబుల్‌లోనే వేడిగా పోతుంది. వానల తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ ఉన్నట్టుండి బాగుపడిందంటే పైన కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమో చూడండి. వీలైతే మీటరును యాంటెన్నా ఫీడ్‌పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గరే పెట్టి ఒకసారి కొలవండి. రెండు రీడింగుల మధ్య తేడానే కేబుల్ స్థితి చెబుతుంది.

కేబుల్‌ను చేత్తో పట్టుకుంటేనో, మధ్యలో మూడడుగుల ముక్క కలిపితేనో రీడింగు మారుతోందంటే, కేబుల్ లోహపు అల్లిక బయటి ముఖం మీద కూడా కరెంటు పారుతోంది. ఎఫ్‌టీ240-43 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కేబుల్‌ను పది పన్నెండు చుట్లు చుట్టి ఫీడ్‌పాయింట్ దగ్గర పెడితే చాలావరకు తగ్గుతుంది.

తక్కువ పవరులో 1.3 ఉండి 100 వాట్లకు 2 దాటితే రెండు కారణాలు చూడాలి. చిన్న వోల్టేజికి డయోడ్ సరిగా పలకకపోవడం ఒకటి, బాలన్ (కేబుల్‌కూ డైపోల్‌కూ మధ్య ఉండే ట్రాన్స్‌ఫార్మర్) కోర్ వేడెక్కడం లేదా కనెక్టర్‌లో నిప్పురవ్వ రావడం రెండోది. డమ్మీ లోడ్ మీద అదే పవరు ఇచ్చి చూస్తే ఏదో తేలిపోతుంది.

27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియోల కోసం చేసిన మీటరును 144 మెగాహెర్ట్జ్‌లో వాడకండి. అక్కడ పెట్టె లోపలి లైనే 50 ఓంలు కాకుండా పోయి, లేని ఎస్‌డబ్ల్యూఆర్‌ను చూపుతుంది.

సర్దుబాటు అయ్యాక మీటరును లైన్లోంచి తీసేయడం మంచిది. పికప్ తీగలకు తగిలి ఉన్న డయోడ్లు కొద్దిపాటి హార్మోనిక్స్ (పంపే ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల తరంగాలు) పుట్టించి పక్కింటి టీవీకి చికాకు పెట్టగలవు. దూరం పంపాల్సి వస్తే మూవ్‌మెంట్ రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి కట్టండి, కుదుపులకు ముల్లు విసురుగా కొట్టుకోదు.