మెయిల్ వస్తోంది కానీ పోవట్లేదు: థండర్‌బర్డ్‌లో ఇలా సరిచేశాను

కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే ప్రోగ్రాము థండర్‌బర్డ్‌లో ఇన్‌బాక్స్ మామూలుగానే నిండుతోంది, సెండ్ నొక్కితే మాత్రం కాసేపు తిరిగి ‘టైమ్డ్ అవుట్’ అంటోంది. మెయిల్ వస్తోందంటే నెట్ బాగానే ఉన్నట్టు. మెయిల్ రావడానికి ఐమ్యాప్ అనే పద్ధతి, పోవడానికి ఎస్‌ఎంటీపీ అనే పద్ధతి; రెండింటి సెట్టింగులూ వేరు.

అకౌంట్ సెట్టింగ్స్‌లో అట్టడుగున ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ తెరిచి చూస్తే పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే దారి నంబరు) 25 అని ఉంది. స్పామ్‌ను ఆపడానికి చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు ఆ పోర్టు మూసేస్తాయి. దాన్ని 587 చేసి, సెక్యూరిటీ (మెయిల్‌ను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’ పెట్టాను. 465 అయితే ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’ ఎంచుకోవాలి. ఈ జతలు తారుమారైతే మెయిల్ మళ్లీ పోదు.

ఆ తర్వాత ఎర్రర్ మారింది: పాస్‌వర్డ్ తప్పట. మంచిదే, సర్వర్ దాకా చేరినట్టేగా! జీమెయిల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాల్లో ఇలాంటి ప్రోగ్రాములకు మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది. అదే సెట్టింగుల్లో ఆథెంటికేషన్ ‘ఓఆథ్2’కి (పాస్‌వర్డ్ ప్రోగ్రాముకు ఇవ్వకుండా గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) మార్చితే లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. తెరుచుకున్నా ముందుకు సాగకపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగుల్లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి.

అవుట్‌బాక్స్‌లో ఒక్క మెయిలే మొండికేస్తే అటాచ్‌మెంట్ సైజు చూడాలి. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ; పంపేటప్పుడు ఎన్‌కోడింగ్ వల్ల ఫైలు మూడోవంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితే డ్రైవ్ లింకే నయం.